పట్టికలో లేని టెంక అంబలి

ఆరో తరగతి సైన్సులో ఆహారం పాఠం మొదలుపెట్టగానే పిల్లల చేత ఒక పట్టిక రాయిస్తాం. నిన్న ఉదయం ఏం తిన్నారు, మధ్యాహ్నం ఏం తిన్నారు, రాత్రి ఏం తిన్నారు అన్నవి దాని గడులు. ఏజెన్సీలోని ఒక ఆశ్రమ పాఠశాలలో నేనూ రాయించాను. వేసవి సెలవులు అయిపోయి పిల్లలు ఊళ్ళ నుంచి అప్పుడప్పుడే వచ్చారు. నోటు పుస్తకాలు తీసి చూస్తే దాదాపు అన్నింట్లోనూ ఒకటే రాత: ఇడ్లీ, చట్నీ, పాలు, అన్నం, పప్పు, గుడ్డు. నేను ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టి, 'బాగుంది' అని రాసి పుస్తకాలు ఇచ్చేశాను.

ఇంటర్వెల్‌లో అదే పిల్లలు గోడ పక్కన చేరి తమ భాషలో మాట్లాడుకుంటున్నారు. ఎవరింట్లో టెంకలు ఎన్ని కుంచాలు ఎండబెట్టారు, ఎవరి అమ్మ వెదురు కొమ్ముల కూర బాగా వండుతుంది, తొలి వానకు పుట్టగొడుగులు ఏ గట్టున లేచాయి అన్నవే వాళ్ళ కబుర్లు. ఒక పిల్లను పిలిచి, "ఇవన్నీ పట్టికలో ఎందుకు రాయలేదమ్మా?" అని అడిగాను. "అవి పుస్తకంలో లేవు కదా మాస్టారూ" అంది.

ఆ పిల్ల అబద్ధం రాయలేదు, పాఠం ఏం అడిగిందో సరిగ్గా గ్రహించి రాసింది. చిన్నప్పుడు నేను కూడా అలాగే రాశాను. అందుకే ఆ పాఠాన్ని ఒక రచనగా తీసుకుని చదవాలనిపించింది. కథనూ కవితనూ విమర్శకు పెట్టినట్టే పాఠాన్నీ పెట్టాలి. మన పిల్లలు చదివే మొదటి పుస్తకం అదే, చాలామందికి ఆఖరి పుస్తకం కూడా అదే.

ముందుగా పాఠంలోని మంచి చెప్పాలి. పిండి పదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు, విటమిన్లు, ఖనిజ లవణాలు, పీచు, నీరు అని ఆహారాన్ని విడదీసి చూపించడం పిల్లలకు ఉపయోగపడే చూపే. అయోడిన్ చుక్క వేస్తే గంజి నల్లటి నీలం రంగులోకి తిరగడం, కాగితం మీద గింజను నలిపితే నూనె మరక నిలిచిపోవడం చూసిన పిల్లలు వాటిని మరచిపోరు. 2024లో వచ్చిన జాతీయ ఆరో తరగతి సైన్సు పుస్తకం చిరుధాన్యాలకు చోటిచ్చింది, ఒక్కో ప్రాంతపు తిండి ఒక్కో రకంగా ఉంటుందని ఒప్పుకుంది. అది ఒక అడుగు ముందుకే.

అయినా పాఠం నడిచే దారి మాత్రం పాతదే. అది పోషకాలతో మొదలై లోప వ్యాధుల పట్టికతో ముగుస్తుంది. ఎ విటమిన్ లేకపోతే రేచీకటి, బి1 లేకపోతే బెరిబెరి, సి లేకపోతే స్కర్వీ, డి లేకపోతే రికెట్స్, ఇనుము లేకపోతే రక్తహీనత. పిల్లలు దాన్ని బట్టీ పట్టి పరీక్షలో జతపరుస్తారు. తిండి ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరు శుభ్రం చేస్తారు, ఎందుకు తగ్గిపోయింది, పళ్ళెంలోకి వచ్చేది మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి అన్న ప్రశ్నలకు ఆ పట్టికలో చోటు లేదు. మన కొండల్లో ప్రాణాలు పోయేది ఈ ప్రశ్నల దగ్గరే.

పాలు, క్యాల్షియం సంగతి తీసుకోండి. ఎముకల బలానికి పాలు తాగాలని పాఠం చెబుతుంది. మధ్య భారతం నుంచి తూర్పు కనుమల దాకా గోండులు, సవరలు, కోదుల్లాంటి ఎన్నో తెగల పెద్దలు ఆవు పాలు పితికేవాళ్ళు కాదు. పాలు దూడవని వాళ్ళ నమ్మకం. మరి వాళ్ళ ఎముకలకు క్యాల్షియం ఎక్కడి నుంచి వచ్చింది? చోళ్ళ నుంచి వచ్చింది. వంద గ్రాముల చోళ్ళలో దాదాపు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది. వంద గ్రాముల ఆవు పాలలో ఉండేది సుమారు 120. అంబలి తాగి బడికి వచ్చిన పిల్లకు ఈ లెక్క ఎవరూ చెప్పరు. పాలు తాగని ఇంటి నుంచి వచ్చానని మాత్రం ఆ పిల్లకు అర్థమవుతుంది. పిండిని ఎంత పలచగా కలిపితే అంత తక్కువ అందుతుందన్న మాట కూడా చెప్పాలనుకోండి. అదీ సైన్సే. ముందు చోళ్ళ పేరు పాఠంలోకి రావాలి కదా!

బెరిబెరి సంగతీ అంతే. బి1 లోపం అని రాసి పాఠం ఆగిపోతుంది. దంపుడు బియ్యం పోయి మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం వచ్చిన చోటల్లా ఆ జబ్బు పెరిగిందని, తవుడుతో పాటే ఆ విటమిన్ పోతుందని చెబితే పిల్లలకు కారణం తెలుస్తుంది. మన ఊళ్ళ చరిత్ర కూడా ఆ కారణంలోనే ఉంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. కొండల్లో గిరిజన సహకార సంస్థ డిపోల ద్వారా అది ఇంటింటికీ చేరింది. ఆ బియ్యం ఎన్నో ఇళ్ళను పస్తుల నుంచి కాపాడింది, ఆ మేలు కాదనలేం. అదే సమయంలో సామలు, కొర్రలు, చోళ్ళు చల్లే పోడు తగ్గుతూ వచ్చింది, రోలూ రోకలీ మూలన పడ్డాయి. కొన్నేళ్ళు గడిచాక, 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. పట్నంలో సామలు ప్యాకెట్లలోకి ఎక్కాయి. మన పిల్లల పాఠంలో మాత్రం సామలు ఒక బొమ్మగానే ఉన్నాయి. ఎప్పుడు, ఎందుకు తమ ఇంటి నుంచి పోయాయో ఆ బొమ్మ చెప్పదు.

ఇంతవరకూ చెప్పింది గుర్తింపుకు సంబంధించిన లోపం. ఇక చెప్పబోయేవి ప్రాణానికి సంబంధించినవి.

లోప వ్యాధుల పట్టికలో 'రక్తహీనత, ఇనుము' అని ఒకే గీత ఉంటుంది. ఆకుకూరలు, బెల్లం, కాలేయం తింటే తగ్గుతుందని పక్కన రాస్తారు. ఆదివాసీ పిల్లల్లో కొందరి రక్తం తగ్గడానికి కారణం వేరే ఉంది. అది సికిల్ సెల్. అమ్మ వైపు నుంచి ఒకటి, నాన్న వైపు నుంచి ఒకటి జన్యువు వచ్చి కలిసినప్పుడు ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోతాయి. మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది, ఇది 10 నుంచి 20 రోజుల్లోనే పగిలిపోతుంది. పిల్లకు ఒళ్ళునొప్పులు, జ్వరం, కళ్ళు పచ్చబడటం, కీళ్ళు పట్టేయడం వస్తాయి. దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించేది ఆదివాసుల్లోనే. దీని నిర్మూలనకు కేంద్రం 2023 జూలై 1న ఒక జాతీయ కార్యక్రమాన్ని కూడా మొదలుపెట్టింది.

ఇంత పెద్ద సంగతి ఆహార పాఠంలో లేదు. దాంతో ఏం జరుగుతుందో చూడండి. పాలిపోయిన పిల్లను లేపి, "సరిగ్గా తినకపోతే ఇలాగే ఉంటుంది" అని తరగతి ముందు అంటాం. ఆ మాట నేనూ అన్నాను. ఆ పిల్ల తిండి మానేయలేదని, ఆమెకు కావలసింది రక్త పరీక్ష అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. సికిల్ సెల్ ఉన్న పిల్లలకు నీళ్ళు ఎక్కువగా తాగడం, చలిలో తడవకుండా ఉండటం, డాక్టరు ఇచ్చిన ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకోవడం ముఖ్యం. ఇనుము మాత్ర అవసరమా కాదా అన్నది పరీక్ష చేసి డాక్టరు చెప్పాలి. పట్టికలో ఇంకొక్క గీత ఉంటే చాలు. 'రక్తహీనతకు కారణాలు చాలా ఉన్నాయి: ఇనుము లోపం, నులిపురుగులు, మలేరియా, సికిల్ సెల్. ఏదన్నది పరీక్షతోనే తెలుస్తుంది' అని రాస్తే ఉపాధ్యాయుడి నోరు అదుపులో ఉంటుంది. పిల్ల సిగ్గుపడకుండా ఆసుపత్రికి వెళుతుంది.

ఆహార భద్రత పాఠం దగ్గరికి వద్దాం. భద్రత అనగానే మన పుస్తకాలు సంచిలో సరుకు కొనే మనిషిని ఊహించుకుంటాయి. ప్యాకెట్ మీద తేదీ చూడండి, ముద్ర చూడండి, ఫ్రిజ్‌లో పెట్టండి, కల్తీ కారాన్ని నీళ్ళలో వేసి పరీక్షించండి అంటాయి. సంతలో బిస్కెట్ పొట్లం, నూనె ప్యాకెట్ కొనే మన పిల్లలకూ ఈ మాటలు కావాలి. అయితే వాళ్ళు తినేదాంట్లో చాలా భాగం పొట్లంలో రాదు. దాని మీద తేదీ ఉండదు. దాన్ని తినదగినదిగా మార్చే పద్ధతి అమ్మమ్మల చేతుల్లో ఉంది.

టెంక అంబలినే చూడండి. మామిడి పళ్ళు అయిపోయాక టెంకలను పోగేసి ఎండబెడతారు. పగలగొట్టి లోపలి జీడి తీస్తారు. దాన్ని దంచి, మూటగట్టి, పారే గెడ్డలో రోజుల తరబడి నానబెడతారు. వగరు పోయాక తీసి అంబలి కాస్తారు. వానాకాలంలో, పంట చేతికి రాని నెలల్లో ఇదే కడుపు నింపుతుంది. ఇందులో ఎంత సైన్సు ఉందో లెక్కపెట్టండి. జీడిలో వగరుకు కారణం టానిన్లు. అవి మాంసకృత్తులను పట్టేసి అరగనివ్వవు. అవి నీళ్ళలో కరుగుతాయి కాబట్టి నానబెట్టాలి. కుండలో నానబెడితే కొంతసేపటికి ఆ నీళ్ళే వగరెక్కి కరగడం నెమ్మదిస్తుంది, నీళ్ళు మార్చాలి. గెడ్డలో అయితే కొత్త నీళ్ళు వస్తూనే ఉంటాయి. ద్రావణాల పాఠం అక్కడే ఉంది. పిండి మీద అయోడిన్ చుక్క వేస్తే నల్లటి నీలం రంగు వస్తుంది. పిండి పదార్థం పరీక్షా అక్కడే అయిపోతుంది.

ఇదే టెంక మనుషుల్ని చంపింది కూడా. 2001 వానాకాలంలో ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో 20 మందికి పైగా ఆదివాసులు చనిపోయారు. బూజు పట్టిన టెంకల వల్ల చనిపోయారని ప్రభుత్వం అంది. ఆకలి వల్ల చనిపోయారని ఇంకొందరు అన్నారు. 2024 నవంబరులో కంధమాల్ జిల్లాలోనూ టెంక అంబలి తాగి ఆడవాళ్ళు చనిపోయారు. ఆ ఊళ్ళు మనకు దూరం కాదు. రాయగడ మన పార్వతీపురం కొండలకు ఆనుకునే ఉంది. అక్కడి కోదులకూ ఇక్కడి కోదులకూ చుట్టరికాలున్నాయి.

పాఠం మాట్లాడవలసిన చోటు ఇదే. ఎండ సరిగ్గా కాయక తడి మిగిలిన జీడికి బూజు పడుతుంది. కొన్ని బూజులు విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం చాలావరకు వేడికి పోదు, ఎంతసేపు ఉడికించినా మిగులుతుంది. పైన కనిపించే బూజు కడిగేసినా లోపలిది ఉంటుంది. కాబట్టి నల్లబడ్డ, బూజు వాసన వచ్చే టెంకను పారేయాల్సిందే. ఈ నాలుగు మాటలు ఏడో తరగతి పిల్లకు అర్థమవుతాయి. ఆ పిల్ల సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అటక మీది మూట విప్పి చూస్తుంది. ఆ తర్వాత ఇంకో ప్రశ్న వస్తుంది. ఇంట్లో వేరే ఏమీ లేనప్పుడు ఆ మూట ఎలా పారేస్తారు? డిపోలో ఆ నెల బియ్యం వచ్చిందా? సైన్సు పాఠం ఇక్కడ సాంఘిక శాస్త్రం గడప తొక్కుతుంది. తొక్కనివ్వాలి. కాశీపూర్‌లో టెంక మీద జరిగిన తగువు తేలకపోవడానికి కారణం, ఆకలినీ బూజునూ వేరువేరు పాఠాలుగా చదవడమే.

పులి దుంపను పలచగా తరిగి పారే నీళ్ళలో రోజుల పాటు ఎందుకు ఉంచుతారు? అందులోని విషపు ఆల్కలాయిడ్ నీళ్ళలో కరిగి పోవాలి కాబట్టి. వెదురు కొమ్ములను ఉడకబెట్టి ఆ నీళ్ళు ఎందుకు పారబోస్తారు? అందులో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంది కాబట్టి. మూత పెట్టకుండా ఉడకబెట్టడం ఎందుకు మంచిదో కూడా దీంతో తెలిసిపోతుంది, ఆ విషం ఆవిరితో పోతుంది. మన ఆడవాళ్ళు ఇవన్నీ పేర్లు తెలియకుండానే చేశారు. పిల్లలకు ఆ పని తెలియాలి, పేరు తెలియాలి, కారణమూ తెలియాలి. హాస్టల్లో పదేళ్ళు ఉన్న పిల్లకు గెడ్డలో ఎన్ని రోజులు ఉంచాలో తెలియకుండా పోతోంది. దుంప మాత్రం అడవిలో అలాగే ఉంది. చేతిలోని తెలివి పోయి దుంప మిగిలితే ప్రమాదం పెరుగుతుంది.

ఇప్పుడు మన రచయితల వైపు తిరగాలి. పాఠ్యపుస్తకాన్ని తిట్టి చేతులు దులుపుకోవడం తేలిక. మన కవితల్లో, వ్యాసాల్లో అడవి తిండి అంతా అమృతం, అంతా మందు. అడవిలో దొరికింది తింటే జబ్బే రాదని రాస్తాం. పట్నపు పాఠకులు మెచ్చుకుంటారు. ఆ రాతలో టెంక అంబలి ఉంటుంది, బూజు ఉండదు. పుట్టగొడుగుల వాసన ఉంటుంది, తెల్లవారేసరికి వాంతులతో మంచాన ఆసుపత్రికి మోసుకెళ్ళిన కుటుంబం ఉండదు. మన పెద్దలు ఇంత అమాయకంగా ఉండేవాళ్ళు కాదు. ఏ పుట్టగొడుగు తినాలో, ఏది ముట్టకూడదో, ఏ దుంప ఏ నెలలో తవ్వాలో వాళ్ళకు లెక్క ఉంది. మామిడి కొత్త జరగకుండా మామిడి కాయ కొరకకూడదన్న కట్టుబాటు ఉంది. టెంక ముదరకుండా కాయ కోయకూడదన్న తెలివి అందులో ఉందని నేననుకుంటాను. అడవిలో తినేవి, తినకూడనివి రెండూ ఉన్నాయని వాళ్ళకు తెలుసు. మనం రాసేటప్పుడు మొదటి సగమే రాస్తున్నాం.

చచ్చిన పశువు సంగతి మనం అసలే రాయం. విశాఖ ఏజెన్సీలో దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, పలుమార్లు మనుషులకు సోకింది. జబ్బుతో చచ్చిన పశువును కోసి, తోలు తీసి, మాంసం పంచుకున్న చోటే అది సోకింది. చేతుల మీద పుండు లేచి మధ్యలో నల్లటి పక్కు కడుతుంది. ఆ సూక్ష్మజీవి గట్టి పెంకు కట్టుకుని మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతుంది. మామూలుగా వండితే అది చస్తుందన్న నమ్మకం లేదు. అసలు ప్రమాదం వండే ముందు, కోసేటప్పుడే ఉంది. ఎనిమిదో తరగతి సూక్ష్మజీవుల పాఠంలో ఆంత్రాక్స్ పేరు వస్తుంది, పరీక్షలో 'ఏ సూక్ష్మజీవి వల్ల?' అని అడుగుతారు. పిల్లలు బాసిల్లస్ పేరు తప్పు లేకుండా రాస్తారు. అదే మన ఊళ్ళో దొమ్మ అని ఎవరూ చెప్పరు కాబట్టి, ఆదివారం ఊళ్ళో పశువు చస్తే ఆ పిల్లలే ఆకు దొన్నె పట్టుకుని వాటాకు వెళతారు.

ఇలా రాస్తే మన వాళ్ళను చిన్నబుచ్చినట్టు అవుతుందని కొందరు మిత్రులు అంటారు. చచ్చిన పశువును తినడం అనాగరికం అని తిట్టే పాఠం నాకూ వద్దు. ఏడాదికోసారి మాంసం దొరికే ఇంట్లో ఒక ఎద్దు చచ్చిపోతే దాన్ని పూడ్చిపెట్టమనడం ఎంత కష్టమైన మాటో మనకు తెలుసు. అందుకే ఆ మాట మనమే చెప్పాలి, మన భాషలో చెప్పాలి. ఉన్నట్టుండి పశువు చచ్చి ముక్కు నుంచో నోటి నుంచో నల్లటి రక్తం కారితే ముట్టొద్దు, కోయొద్దు, లోతుగా గొయ్యి తవ్వి సున్నం వేసి పూడ్చాలి, పశువుల డాక్టరుకు కబురు పెట్టాలి, మిగిలిన మందకు టీకా వేయించాలి. టీకా వేసే మనిషి ఊరికి రాకపోతే రమ్మని అర్జీ రాయాలి. ఆ అర్జీ రాయడం కూడా పాఠంలో భాగమే.

ఇక ప్రభుత్వం పెట్టే తిండి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో బడిలో వండిన భోజనం పెట్టడం ప్రభుత్వాల బాధ్యత అయింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లకు మధ్యాహ్న భోజనంలో 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది నియమం. అందుకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె లెక్క కట్టారు. ఈ అంకెలను నల్లబల్ల మీద రాసి పిల్లల చేత కూడించండి. బియ్యం నుంచి దాదాపు 12 గ్రాముల మాంసకృత్తులు, పప్పు నుంచి ఆరేడు గ్రాములు వస్తాయి. పప్పు పలచబడి సగమైతే ఎంత తగ్గుతుందో పిల్లలే చెబుతారు. ఆశ్రమ పాఠశాలల మెనూ వేరు, పూటలు వేరు. అయినా లెక్క కట్టే పద్ధతి ఇదే. ఆహార పాఠానికి ఇంతకన్నా మంచి ప్రాజెక్టు పని నాకు తోచడం లేదు. ఏ పుస్తకమూ దీన్ని ఇవ్వదు. పళ్ళెం పక్కన కూర్చుని లెక్క కట్టే పిల్ల ప్రశ్న అడుగుతుందన్న జంకు పెద్దలకు ఉండి ఉంటుంది.

బలవర్ధక బియ్యం సంగతి చూస్తే ఈ లోటు ఇంకా బాగా తెలుస్తుంది. రేషన్ బియ్యంలో, బడి బియ్యంలో వందకు ఒకటి చొప్పున వేరే గింజలు కలుపుతూ వచ్చారు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజ ఆకారంలో ఒత్తి తయారుచేసినవి అవి. నీళ్ళలో వేస్తే కొన్ని తేలతాయి, రంగు కొంచెం తేడాగా ఉంటుంది. మన ఊళ్ళలో వాటిని ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేస్తున్నారు. పాఠంలో అయోడిన్ పరీక్ష చేసిన పిల్లలు ఈ గింజను నలిపి చుక్క వేసి చూస్తే అది పిండి పదార్థమేనని, ప్లాస్టిక్ కాదని కళ్ళారా తెలుస్తుంది. ఐదు నిమిషాల పని. నేను చేయించాను. "మరి మా ఇంటికి ఎవరూ ఎందుకు చెప్పలేదు?" అని ఒక అబ్బాయి అడిగాడు.

ఆ ప్రశ్న సబబైనదే. సికిల్ సెల్ ఉన్నవాళ్ళు ఇనుము కలిపిన ఆహారం తినొద్దని 2018 నాటి నిబంధనల ప్రకారం సంచి మీద హెచ్చరిక రాసేవాళ్ళు. ఈ బియ్యం వాళ్ళకూ ప్రమాదం కాదని నిపుణులు తేల్చారని 2024లో కేంద్రం చెప్పింది. సంచి మీది హెచ్చరిక చదివే వీలు మన అవ్వలకు అప్పుడూ లేదు, ప్రకటన చదివే వీలు ఇప్పుడూ లేదు. గింజ మారినప్పుడు ఇంటికి వచ్చి ఎవరూ చెప్పకపోతే జనం తమకు తోచిన పేరు పెట్టుకుంటారు. ఆ పేరు ప్లాస్టిక్ అయింది. దీన్ని మూఢనమ్మకం అని వెక్కిరించే ముందు, చెప్పవలసిన చోట బడి ఉందా లేదా అని అడగాలి.

వంటగది భద్రత కూడా ఇందులోదే. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో పురుగుమందు కలిసింది. ఆ తర్వాత వడ్డించే ముందు పెద్దవాళ్ళు రుచి చూడాలన్న నియమాన్ని గట్టిగా చెప్పసాగారు. మన కొండ ఊళ్ళలోకి కూడా పత్తితో, మిరపతో పాటు పురుగుమందు డబ్బాలు వచ్చాయి. ఖాళీ డబ్బా గట్టిగా, మూతతో ఉంటుంది కాబట్టి కడిగి నీళ్ళకో నూనెకో వాడుకునే ఇళ్ళున్నాయి. ఎన్నిసార్లు కడిగినా ఆ డబ్బా తిండికి పనికిరాదన్న ఒక్క మాట పాఠంలో ఉండాలి. ఫ్రిజ్ గురించి అరపేజీ రాసిన చోట ఈ ఒక్క మాటకు చోటు దొరకదా?

ఇంతకీ పాఠం ఎలా ఉండాలి? పెద్ద మార్పులేమీ అక్కర్లేదు. ఆ పట్టికలో 'నిన్న ఇంట్లో ఏం తిన్నారు' అని రాయించే ముందు, ఉపాధ్యాయుడు తన ఇంటి తిండి రాయాలి. నేను మరుసటి ఏడాది నల్లబల్ల మీద ముందుగా 'టెంక అంబలి, ఎండు చేప, వెదురు కొమ్ముల కూర' అని రాశాను. ఆ ఏడు పట్టికలు వేరుగా వచ్చాయి. కొన్నింట్లో 'ఏమీ తినలేదు' అని కూడా ఉంది. అది ఇడ్లీ కన్నా విలువైన జవాబు. పోషకాహారం గురించి మాట్లాడటానికి ముందు బడికి తెలియవలసింది అదే.

రెండోది, ఏడాదికి ఒకటి రెండుసార్లయినా ఊరి పెద్దావిడను తరగతిలోకి పిలవాలి. ఆమె దుంప కోసి చూపించాలి, ఎన్ని రోజులు నానాలో చెప్పాలి. ఉపాధ్యాయుడు పక్కన నిలబడి ఎందుకో చెప్పాలి. తనకు తెలియనిది ఆమెను అడగాలి, ఆమెకు తెలియనిది చెప్పాలి. బూజు విషం సంగతి, డబ్బా సంగతి, సికిల్ సెల్ పరీక్ష సంగతి ఆమె కూడా విని వెళుతుంది.

మూడోది భాష. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండి, కొలామీ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల్లో ప్రాథమిక తరగతుల పిల్లలకు పుస్తకాలు మొదలయ్యాయి. ఆ పని చిన్న తరగతుల దగ్గరే ఆగింది. ఆహార పాఠం మొదలయ్యే ఆరో తరగతికి వచ్చేసరికి 'మాంసకృత్తులు', 'సంతులిత ఆహారం', 'లోప వ్యాధులు' అన్న మాటలు పిల్లల మీద పడతాయి. తెలుగు ఇంటి పిల్లలకే ఇవి కొరుకుడు పడవు. పుస్తకం మార్చే అధికారం మనకు లేదు. ప్రతి పాఠానికీ నాలుగు పేజీల చిన్న పుస్తకం రాసే చేయి మనకు ఉంది. ఏ తిండికి మన భాషలో ఏం పేరు, ఎలా శుభ్రం చేయాలి, ఎప్పుడు పారేయాలి, ఎవరిని అడగాలి అన్నవి అందులో ఉండాలి. మన రచయితల సంఘాలు కవితా సంకలనాలు వేస్తున్నాయి, మంచిదే. వచ్చే ఏడాది ఒక్క సంకలనం తగ్గించుకుని ఈ పని చేద్దామని నా మనవి.

ఆ రోజు 'అవి పుస్తకంలో లేవు కదా' అన్న పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఉంది. మొన్న సెలవుల నుంచి వచ్చి, "మాస్టారూ, మా అవ్వ అటక మీది టెంకలు చూశాను, కొన్ని నల్లబడ్డాయి, పారేయించాను" అంది. "అవ్వ ఏమంది?" అని అడిగాను. "తిట్టింది. తర్వాత బియ్యం ఎక్కడి నుంచి తెస్తావే అంది" అని చెప్పింది.

మొదటి మాటకు పాఠంలో జవాబు పెట్టగలం. రెండో మాటకు జవాబు పాఠం ఒక్కటే చెప్పలేదు. ఆ మాట వినపడే పాఠం రాయడం మాత్రం మన చేతుల్లో ఉంది.